అప్రస్తుతానికి అరగంట

జీవితంలో ఎక్కువకాలం ఏమి చేశారని ఎవరైనా అడిగితే, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పానని అంటాను. అది మర్యాద కోసం చెప్పే జవాబు. నేను మనసుపెట్టి చేసిన పని వేరొకటి ఉన్నది. ఏకాగ్రచిత్తంతో పద్యం అల్లుతున్న ఒక పెద్దమనిషికి ఎదురుగా కూర్చుండి, సరిగ్గా ఆయనకు మూడవ పాదం అందబోయే వేళకు, ‘అయ్యా, తమరు తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకొంటారా, తెరిచే తుమ్ముతారా?’ అని అడగడమే ఆ పని.

అవధానం చూడనివారి కోసం కొంచెం చెప్పాలి. వేదిక మధ్య అవధాని, ఆయన చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, కూర్చుంటారు. ఒకరు పొంతన లేని పద్యపాదం ఒకటి ఇచ్చి, దానికి అర్థం కుదిరేటట్లు మిగిలిన పాదాలు పూరించమంటారు. మరొకరు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలిచ్చి వాటిని పద్యంలో పొదగమంటారు. ఇంకొకరు అవధాని నోట వచ్చిన ప్రతి అక్షరం తరువాత, ఇక ఫలానా అక్షరం వాడరాదని అడ్డుకట్ట వేస్తారు. ఇవన్నీ శాలువాలు తెచ్చిపెట్టే పదవులు. వీరందరి చివర, కాలు కొంచెం కుంటిగా ఉండే కుర్చీలో అప్రస్తుత ప్రసంగి కూర్చుంటాడు. అతడికి ఛందస్సుతో పని లేదు. అవధాని ధార చెదిరిపోయేటట్లు, సందర్భానికి ఏమాత్రం సంబంధం లేని ప్రశ్న వేయడం అతడి ధర్మం. అవధాని సభ నవ్వేటట్లు బదులు చెప్పి, విడిచిన చోటనే మళ్ళీ పద్యాన్ని అందుకోవాలి. చిత్తూరు మొదలుకొని శ్రీకాళహస్తి దాకా ఎక్కడ అవధానం జరిగినా ఆ కుంటి కుర్చీ నాది.

అది చులకన పని అని లోకం అనుకొంటుంది. చేసి చూస్తే తెలుస్తుంది. ఈ లోకంలో ప్రతి వస్తువుకూ మరొక వస్తువుతో ఏదో ఒక చుట్టరికం ఉంటుంది. ఆ చుట్టరికాలన్నీ తప్పించుకొని నిలిచే ప్రశ్నను పుట్టించడం సామాన్యం కాదు. వసంతవర్ణన జరుగుతూ ఉండగా కోయిలను గురించి అడిగితే అది అప్రస్తుతం కాదు. కాకిని గురించి అడిగినా కాదు. గొడుగు కమ్మీలను గురించి అడిగితే కొంతవరకు పరవాలేదు.

క్రమంగా సభలు పలచబడ్డాయి. నాతో కూర్చున్న పృచ్ఛకులలో కొందరు పిల్లల దగ్గరకు వెళ్ళిపోయారు, కొందరు ఊరిని ఇక్కడే వదిలి తిరిగిరాని చోటికి వెళ్ళిపోయారు. నాలో ప్రశ్నలు మాత్రం ఎప్పటివలెనే పుడుతూ ఉండేవి. వాటిని పెట్టుకొని ఏమి చేయాలో తెలియక ఇంట్లో అడిగేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ప్రతిదానికీ జవాబు చెప్పేది. ‘వంకాయ నవ్వితే ఏ వైపునుంచి నవ్వుతుంది?’ అంటే, ‘కాడ ఉండే వైపునుంచి. రెండో వైపు దానికి సిగ్గు’ అనేది. కాలక్రమంలో జవాబు ‘ఊ’ అయింది. ఆ తరువాత ‘ఊ’ కూడా కరవై, గిన్నె కొంచెం గట్టిగా కింద పెట్టిన చప్పుడు మాత్రమే మిగిలింది. అడిగితే జవాబు చెప్పి తీరవలసిన మనిషి ఎదురుగా కూర్చుండే చోటు, భూమి మీద నాకు లేకుండా పోయింది.

అటువంటి రోజులలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. తిరుపతిలో ఒక విద్యాసంస్థ మేడమీద నడిచే కమ్యూనిటీ రేడియోకు ఆమె నిర్వాహకురాలు. నగరిలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల కావడంవల్ల కాబోలు, పక్కనున్నవారితో కూడా వీథి అవతలివారితో మాట్లాడినట్లు మాట్లాడుతుంది. పురస్కారాలు పొందిన రచయితలను, చిత్రకారులను, పత్రికల వారిని పిలిచి ముచ్చటించే కార్యక్రమమొకటి శనివారం ఉదయం అరగంట మొదలుపెడుతున్నామని చెప్పింది.

“అయ్యోరా, మీరు అవధానాల్లో శానా కాలం పృచ్ఛకులుగా ఉండినారంట గదా. మా నాయన చెప్పినాడు. ప్రశ్నలు అడగడం మీకంటే బాగా ఎవరికొస్తుంది? మీరే రావాల.”

ఏ కుర్చీలో ఉండినారని ఆమె అడగలేదు. పృచ్ఛకులందరూ ఒకే జాతి అని ఆమె అనుకొన్నది. తెలిసే పిలిచిందని నేను అనుకొన్నాను. అప్రస్తుత ప్రసంగానికి కూడా ఒక అరగంట కేటాయించే రోజులు వచ్చాయి కదా అని, కాలం మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆ స్టూడియో లిఫ్టు యంత్రమున్న గదికి పక్కన ఉండేది. లిఫ్టు కదిలినప్పుడల్లా ఎవరో తంబురా పట్టినట్లు సన్నని శ్రుతి వినబడేది. ప్రసారం రేణిగుంట దాటితే గరగరలాడేది కాని, ఫోనులో మాత్రం ఎంతదూరమైనా వినబడేదట. అద్దానికి అవతల నిర్వాహకురాలు, ఇవతల నేను, నాకెదురుగా అతిథి.

మొదటి అతిథి శ్రీకాళహస్తినుంచి వచ్చిన కలంకారీ చిత్రకారుడు. జాతీయ స్థాయి పురస్కారం అందుకొన్నవాడు. వస్త్రం మీద గీసే గీత ఎంత సన్నగా ఉండాలో, కలానికి చుట్టిన గుడ్డ ఎంత రంగు పీల్చాలో ఆయన చక్కగా చెబుతున్నాడు. ధార బాగా సాగుతున్నదని నాకు తోచగానే, అలవాటు చొప్పున ముందుకు వంగాను.

“అయ్యా, మీ ఇంట్లో పిల్లి ఉందా?”

“ఉండాది సామీ. ఎందుకు?”

“దానికి మీరంటే కోపమా?”

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూచి, ఉన్నట్టుండి తొడ చరుచుకొన్నాడు.

“కోపం కాక! గుడ్డను పాలల్లో, కరక్కాయ నీళ్ళల్లో నానబెట్టి ఎండేస్తామా? పాలవాసనకు వస్తుంది. నాకుతుంది. కరక్కాయ వగరు నాలిక్కి తగలగానే మూతి ముడుచుకోని నాపక్క ఒక చూపు సూస్తుంది సూడు, బహుమతి ఇచ్చిన జడ్జీలు కూడా నన్ను అంత లోతుగా సూడలా!”

అద్దానికి అవతల నిర్వాహకురాలు కడుపు పట్టుకొని నవ్వుతున్నది. నేను మాత్రం లోలోపల కుంగిపోయాను. అప్రస్తుతంగా ఉండవలసిన ప్రశ్న పోయి పోయి ప్రస్తుతమై కూర్చున్నది. వృత్తిరీత్యా అది నాకు పరాజయం. కార్యక్రమం ముగిసిన తరువాత ఆమె, “ఎంత స్టడీ చేసినారు అయ్యోరా!” అని చేతులు జోడించినప్పుడు కండువా సర్దుకొన్నాను.

తరువాతి శనివారం ఆ పరాజయాన్ని దిద్దుకోవాలని పట్టుదలగా వెళ్ళాను. అతిథి ఒక పాత్రికేయుడు. పడమటి మండలాలలో ఎండిన బోరుబావుల గురించి వ్రాసి పురస్కారం పొందినవాడు. ఊరంతా తాళాలు వేసుకొని బెంగళూరుకు వలసపోయిన కథ చెబుతున్నాడు. ఏ అవధానిలోనూ నేను అంతటి ధార చూడలేదు.

“అయ్యా,” అన్నాను, “తమరు దోసెను నడుమనుంచి తింటారా, అంచునుంచి తింటారా?”

“ఏమీ?”

“దోసె.”

ఆయన చెవులకు పెట్టుకొన్న హెడ్‌ఫోను మెల్లగా తీసి బల్లమీద పెట్టాడు. “నీళ్ళు లేక జనం ఊర్లొదిలి పోతాండారని చెప్తా ఉంటే, మీకు దోసె కావాల్నా సామీ?” అని లేచి నిలబడ్డాడు. పక్కగదిలో లిఫ్టు యంత్రం కదిలింది. కొంతసేపు రేడియోలో తంబురా తప్ప మరేమీ వినిపించలేదు.

ఆయన కోపం న్యాయమైనదే. అవధాని అన్నవాడు చెదరడానికి సిద్ధపడి వచ్చి కూర్చుంటాడు. ఈయన అందుకు రాలేదు. ఆ సంగతి ఇంటికి నడుస్తూ ఉండగా గాని నాకు తట్టలేదు.

శ్రోతలు ఫోనుల్లో తమ గొంతు నింపి పంపే సందేశాలు ఆ వారం ఎన్నడూ రానన్ని వచ్చాయి. తిరుచానూరులో పూలమ్మే ఒక ఆమె, “ఆ దోసె సారును మాన్పించబాకండి. ఆయన మాట్లాడితే మాకు పొద్దు పోతుంది” అన్నది. తక్కినవి అంత దయగలవి కావు. “ఆ ముసిలాయనకు మతి యాడుండాది?” అని ఒకరు, “దోసె సంగతి తేల్చకుండా ప్రోగ్రాం ఎట్లా ముగిస్తారు?” అని మరొకరు. నిర్వాహకురాలి పైవారికి ఈ సందేశాలన్నీ చేరాయి. నా స్థానంలో అదే రేడియోలో రోజూ టమోటా ధరలు చదివే పెద్దమనిషిని కూర్చోబెట్టాలని వారి ఆలోచన. ఆయన కంఠం కంచులాంటిది. కాగితంలో లేని మాట ఆయన నోటినుంచి ఈనాటికీ వెలువడలేదు.

నిర్వాహకురాలు మా ఇంటికి వచ్చి, కాఫీ పుచ్చుకొని, ఖాళీ గ్లాసు కింద పెట్టింది.

“అయ్యోరా, అవధానంలో మీరు ఏ కుర్చీలో ఉండినారో మా నాయన్ను అడిగి తెలుసుకున్నా. మీరు అడ్డం పడే కుర్చీ అంట గదా.”

“అవునమ్మా. అప్రస్తుతం.”

“ముందే చెప్పి ఉండొచ్చు గదా?”

“తెలిసే పిలిచావనుకొన్నాను తల్లీ.”

ఆమె నుదురు కొట్టుకొని, ఆపైన నవ్వి, ఆపైన నవ్వడం మానేసింది. “సూడండి. ఇంకొక్క వారం అడిగి తెచ్చినా. శనివారం చిత్తూరునుంచి కథలు రాసే అమ్మ వస్తుంది. పెద్ద అవార్డు వచ్చినామె. ఈసారీ లైవే. కత్తిరించేదానికి ఉండదు. అడగాల్సిన ప్రశ్నలు నేనే టైపు కొట్టి ఇస్తా. మీ నోట్లోనుంచి ఒక్కటి, ఒక్కటంటే ఒక్క అప్రస్తుతం వచ్చిందా, ఆ పొద్దుతో సరి. టమోటా ఆయనే.”

“రాదు” అన్నాను. అన్నంత సులభం కాదని ఆ వారమంతా తెలిసివచ్చింది.

ఆ రచయిత్రి కథల సంపుటాలు తెచ్చి చదివాను. బాగున్నాయి; మండీలో మాట్లాడుకొన్నట్లు సాగే వాక్యాలు. పరీక్షకు పోయే విద్యార్థివలె నిర్వాహకురాలు ఇచ్చిన ప్రశ్నలు వల్లించాను. శనివారం ఉదయం నేను పంచె కట్టుకొంటూ ఉండగా మా ఆవిడ గడప దగ్గర నిలబడి హితబోధ చేసింది.

“ఆమెను కథల గురించే అడగండి. వంకాయల దగ్గరికి పోబాకండి.”

“పోను.”

“చీమల దగ్గరికీ పోబాకండి.”

“చీమల మాట ఇప్పుడెవరు తెచ్చారు?”

“మీ మొగం సూస్తే తెలుస్తా ఉంది, లోపల చీమలుండాయి.”

నిజమే. చీమలకు తలనొప్పి వస్తే ఏ వైపు పట్టుకొంటాయన్న ప్రశ్న తెల్లవారుజామునుంచీ నాలో తిరుగుతున్నది. దాన్ని అణచుకొని ఆటో ఎక్కాను.

రచయిత్రి నాకంటె నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. వారిది చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే కుటుంబం. కాయల వేలంపాటలో పలికిన గొంతు కావడంతో ఆమెకు మైకు దండగ. వస్తూనే కుర్చీలో సర్దుకొని కూర్చుండి, చీర కొంగు నడుముకు బిగించి, మల్లయుద్ధానికి వచ్చినట్లు నావైపు చూచింది. ఎర్రదీపం వెలిగింది. నేను గొంతు సవరించుకొన్నాను.

“అమ్మా, మీ కథారచనకు ప్రేరణ ఏమిటి?”

ఆమె ముఖం వాడిపోయింది. “జీవితమే” అన్నది.

“మీమీద ఏ రచయితల ప్రభావం కలదు?”

“అందరిదీ.”

“ఈ పురస్కారం లభించిన వార్త వినగానే మీకు ఎట్లా అనిపించింది?”

“సంతోషం.”

“నేటి యువతకు మీరిచ్చే సందేశం?”

“చదవాల.”

అరగంటకు సరిపోతాయనుకొన్న ప్రశ్నలు ఆ విధంగా పావుగంటలోపే కరిగిపోతూ వచ్చాయి. ఒక జవాబు పట్టుకొని దానిలోనుంచి మరొక ప్రశ్న లాగే విద్య నాకు తెలియదు. నా వృత్తిలో జవాబు వినగానే దాన్ని అక్కడే వదలి వేరే దిక్కుకు దూకడమే ధర్మం. ఒక్క ప్రశ్న మిగిలింది, ఆమె కథలలోని స్త్రీ పాత్రలను గురించి. లోపల చీమలు బారులు తీరి గొంతుదాకా ఎక్కివచ్చాయి. పెదవులు బిగించాను. అద్దానికి అవతల నిర్వాహకురాలు రెండు చేతులతో గాలిని సాగదీసి చూపిస్తున్నది, మాట పొడిగించమని.

“అయ్యోరా,” అన్నది రచయిత్రి, “నేనొకటి అడగనా?”

“అడగండమ్మా.”

“మీ ఇంట్లో ఇడ్లీలు మిగిలితే ఏం చేస్తారు?”

నా చెవులను నేను నమ్మలేదు. ఇన్నేళ్ళ నా జీవితంలో అటువంటి ప్రశ్న నావైపునుంచి వెళ్ళడమే గాని నావైపు రావడం ఎరుగను.

“ఉప్మా చేస్తామమ్మా. ఇక మీ కథలలో స్త్రీ పాత్రలు...”

“చేస్తామంటే, ఎవురు చేస్తారు?”

“అంటే... ఇంట్లో చేస్తారు.”

“ఇంట్లో అంటే ఎవురు? ఇల్లు చేస్తుందా?”

“కాదమ్మా. స్త్రీ పాత్రలు...”

“ఉప్మాకు ఏం ముందర ఎయ్యాల సామీ? ఉల్లిగడ్డా, ఆవాలా?”

నా నుదుట చెమట పట్టింది. సభలలో ఎందరో అవధానుల నుదుళ్ళమీద అటువంటి చెమటను చూచి, వేదిక మీద దీపాల వేడి అనుకొనేవాణ్ణి. దీపాలు పాపం ఏమీ చేయలేదు. ఒక చేత్తో స్త్రీ పాత్రలను జారిపోకుండా పట్టుకొని, మరొక చేత్తో తాళింపు వెతుకుతున్నాను.

“ఆవాలు ముందర” అన్నాను ధైర్యంగా.

అప్పుడే స్టూడియో ఫోను దీపం వెలిగింది. నిర్వాహకురాలు ఫోను ఎత్తి, విని, నావైపు జాలిగా చూచి, ఆ పిలుపును నేరుగా ప్రసారంలోకి కలిపింది.

“హలో, ఎవరండీ మాట్లాడేది?” అన్నాను, అలవాటు చొప్పున గంభీరంగా.

“నేనే” అన్నది ఫోను.

ఆ గొంతు నాకు బాగా తెలుసు.

“ఆవాలు ముందర అని ఎవురు చెప్పినారు ఆయనకు? నూనె ముందర! మండే బాణలిలో ఆవాలు పోస్తాడా?”

రచయిత్రి బల్లమీద చేత్తో గట్టిగా కొట్టింది. “అమ్మా, మీరెవురు?”

“ఇందాక అడిగినారే, ఆ ఇల్లు. అది నేనే.”

ఇక నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. రచయిత్రి కళ్ళు తుడుచుకొంటూ మైకు తనవైపుకు లాక్కొన్నది. “సూడమ్మా, నీతోనే చెప్పుకోవాల. ఆ అవార్డు వచ్చిన పొద్దునుంచి, పోయిన చోటల్లా ప్రేరణ ఏందంటారు, సందేశమేందంటారు. చెప్పిందే చెప్పి నాకు నోరు చప్పబడిపోయింది. ఈయన దోసె ప్రోగ్రాం నేను ఫోన్లో విన్నా. ఆ విలేకరి అబ్బాయి లేచిపోయినాడే గాని, నేనైతే నడుమనుంచి అని చెప్పుండేదాన్ని. అందుకని పిలవంగానే వచ్చినా. చిత్తూర్లో బస్సెక్కినప్పటినుంచి ఈయన ఏమడుగుతాడో, నేను ఎట్లా మడతపెట్టి కొట్టాల్నో అని కాచుకోని కూర్చుంటే, ఈయన పెండ్లిచూపులకొచ్చిన పిలగాని మాదిరి తల వంచుకోని, ప్రేరణ అంటాడు!”

“అడగబాకండని నేనే చెప్పి పంపినానమ్మా” అన్నది మా ఆవిడ, కొంచెం తగ్గిన గొంతుతో. “సరే, ఆయన నన్ను అడిగినన్ని ఎవురూ ఎవుర్నీ అడిగుండరు. ఈ పొద్దు మీరడగండి. నేను పొయ్యి కట్టేసి వింటా.”

నేను నిర్వాహకురాలి వైపు చూచాను. ఒప్పందం ప్రకారం నా నోటినుంచి ఇంతవరకు ఏమీ రాలేదు. ఆమె కూడా అదే లెక్క వేసుకొంటున్నట్లు కనిపించింది. కానివ్వమన్నట్లు చేయి ఊపింది.

రచయిత్రి నవ్వు ఆపి, మోచేతులు బల్లమీద ఆనించి, చాలా మామూలు గొంతుతో అడిగింది. “అయ్యోరా, ఆ చివరి కుర్చీలో అన్నేండ్లు కూర్చున్నారు. చుట్టూరా పద్యాలు. ఒక్కనాడన్నా మీకు కూడా ఒక పద్యం చెప్పాలని ఉండలేదా?”

ఇది అప్రస్తుతం కాదు. అందువల్లనే దాన్ని తప్పించుకొనే దారి నాకు కనబడలేదు. నా కుర్చీకి ఛందస్సుతో పని లేదని మొదటే చెప్పాను. పని లేదే గాని, కోరిక లేదని ఎవరు చెప్పగలరు? సభ ముగిసి అందరూ అవధాని చుట్టూ మూగినప్పుడు, చెప్పులు వెతుక్కొంటూ నాలో నేను గొణుక్కొన్న పాదాలు కొన్ని ఉన్నాయి. అవి ఎవరి ముందూ చదవలేదు. ఎవరూ అడగలేదు కనుక.

“ఉండేదమ్మా” అన్నాను.

“అయితే చెప్పండి.”

“ఇప్పుడా?”

“మరెప్పుడు?”

తేటగీతి ఎత్తుకొన్నాను.

“చివరి కుర్చీని నమ్మిన చిన్నవాఁడ
నడుగుటే కాని బదులీయ నలవిగాదు...”

రెండు పాదాలు నిలిచాయి. యతి కుదిరింది. లిఫ్టు కూడా ఎందుకో కదలలేదు. మూడవ పాదం ఎదురుగా, చేయి చాస్తే అందేంత దగ్గరలో, మెరుస్తూ నిలబడి ఉన్నది. నోరు తెరిచాను.

“అయ్యోరా,” అన్నది రచయిత్రి, “కొండమీద ఏనుగుకు చెమట పడితే ఎవురు తుడుస్తారు?”

ఏనుగు వచ్చింది. వచ్చి, నాకూ మూడవ పాదానికీ నడుమ అడ్డంగా నిలబడింది. దాని వీపు ఎంత వెడల్పు, దానికి ఎంత తువాలు కావాలి, ఆ తువాలు పిండి ఆరవేయడానికి ఎంత దండెం కావాలి అని ఆలోచిస్తూ పోయి తిరిగి చూస్తే, పాదం లేదు. ఇందాక అది నిలబడిన చోట ఆనవాలు కూడా లేదు.

“వానమ్మా!” అన్నాను ఎట్టకేలకు. “వాన వచ్చి తుడుస్తుంది. అందుకే అది వానలో కదలకుండా నిలుచుంటుంది.”

జవాబు అయితే చెప్పగలిగాను. తిరిగి పద్యాన్ని అందుకోలేకపోయాను. ఆ మూడవ పాదం ఈనాటికీ తిరిగి రాలేదు. ఆ క్షణంలో నాకు దుఃఖం కలగవలసింది. కాని నాలోనుంచి పెద్ద నవ్వు ఒకటి బయలుదేరింది. వెనుక ఎన్ని సభలలోనో నన్ను చూచి జనం నవ్విన నవ్వు అది. అది లోపలినుంచి ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఎర్రదీపం ఆరిపోయేదాకా ఇద్దరమూ నవ్వుతూనే ఉన్నాము. స్త్రీ పాత్రలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

బయటకు వచ్చి నిర్వాహకురాలి బల్ల ముందు నిలబడ్డాను.

“అమ్మా, ఒక్క అప్రస్తుతమైనా నా నోటినుంచి రాలేదు. సాక్ష్యానికి ఊరంతా ఉన్నది.”

“రాలేదు. నేనూ విన్నా.”

“అయితే కార్యక్రమం?”

ఆమె తన ఫోను నా ముందు పెట్టింది. సందేశాలు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఒకరు ఇడ్లీ ఉప్మాలో నిమ్మకాయ పిండాలని వాదిస్తున్నారు. మరొకరు మూడవ పాదం తామే పూరించి పంపారు, యతి తప్పింది. తిరుచానూరు పూల ఆమె మాత్రం, “ఆ సారును ఇట్లనే అడగండి, ఆయన అడిగేదానికంటే చెప్పేది బాగుండాది” అని ఊరుకొన్నది.

“మా వాళ్ళతో మాట్లాడినా అయ్యోరా. ప్రోగ్రాం మీదే. కుర్చీ మాత్రం మారుతుంది.”

“ఎక్కడికి?”

“ఎదురుపక్కకు. పెద్ద పెద్దోళ్ళు వస్తారు గదా, అందరూ జవాబులు చెప్పీ చెప్పీ అలసిపోయినోళ్ళే. ఇకమీదట వాళ్ళు అడుగుతారు. మీరు చెప్తారు.”

“మరి నేను అడిగేదెప్పుడు?”

“ఇంటికి పోయి అడుక్కోండి.”

అడిగాను. ఇంటికి చేరగానే, చీమల సంగతి. మా ఆవిడ రేడియోలో పలికిన తొలినాటి గర్వం ఇంకా ముఖాన తాండవిస్తూ ఉండగా, “ఈడ అడగబాకండి. శనివారానికి జవాబులు చూసుకోండి పోండి” అన్నది. అయినా వెనక్కు తిరిగి, “కుడివైపు” అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

తరువాతి శనివారం అతిథి కుర్చీలో కూర్చున్నాను. అది నా పాత కుర్చీకంటె కొంచెం పల్లంగా ఉన్నది. నాకెదురుగా, ఇంతకాలం నేను కూర్చున్న చోట, ఒక పత్రికలో వ్యంగ్యచిత్రాలు వేసి పురస్కారాలు పొందిన చిత్రకారుడు కూర్చున్నాడు. మైకును మర్యాదగా తనవైపుకు తిప్పుకొని అడిగాడు.

“సామీ, మీ ముక్కు మీరే గీసుకోవాల్సి వస్తే యాడ మొదలుపెడతారు?”

సభలో అయితే చటుక్కున ఏదో ఒకటి చెప్పి నవ్వించాలి. రేడియోలో ఆగడం మహాపరాధమని నిర్వాహకురాలు ఎన్నోసార్లు చెప్పింది. కాని ఆయన అడిగి ఊరుకోలేదు. గడ్డం చేతిలో పెట్టుకొని, నేను చెప్పబోయేది నిజంగా తనకు కావలసినట్లు, ఎదురుచూస్తున్నాడు. అటువంటి మనిషిని తొందరపడి పంపివేయడం నాకు ఇష్టం లేకపోయింది. అద్దానికి అవతల ఆమె చేతులు గాలిలో ఎగురుతున్నాయి. నేను ముక్కును మెల్లగా తడుముకొని చూచుకొన్నాను.

“కళ్ళద్దాలు ఆనే చోటునుంచి” అన్నాను.

ఆయన నా ముక్కును ఈ వైపునుంచి, ఆ వైపునుంచి చాలాసేపు పరిశీలించాడు.

“అది తప్పు సామీ” అన్నాడు.